సీటీ నార్మల్ అన్నారు.. మరి పక్షవాతం ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. నాన్నగారికి 61 ఏళ్లు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నాయి. ఉన్నట్టుండి తల తిరిగి వాంతులయ్యాయి, ఎక్కిళ్లు ఆగలేదు. సీటీ స్కాన్ నార్మల్ అని ఇంటికి పంపేశారు. రెండు రోజులకు ఎంఆర్ఐలో బ్రెయిన్ స్టెమ్ స్ట్రోక్ అని తేలింది. సీటీ తప్పు చూపించిందా? ఇప్పుడు రక్తనాళాలను చూసే యాంజియోగ్రామ్ అంటున్నారు. దానికోసం నరంలోకి ఎక్కించే మందుతో కిడ్నీలు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట బొటనవేలంత ఉండేదే బ్రెయిన్ స్టెమ్. అక్కడ సీటీకి చూపు సరిగా ఆనదు. చుట్టూ దట్టమైన ఎముక ఉండటంతో ఫిల్మ్ మీద చారలు పడతాయి, చిన్న స్ట్రోక్ వాటిలో కలిసిపోతుంది. మెదడులో రక్తస్రావం ఉందో లేదో వెంటనే తేలుతుంది కాబట్టే ముందుగా సీటీ తీస్తారు. స్ట్రోక్‌ను పట్టుకునే డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐలో దెబ్బతిన్న చోటు తెల్లగా మెరుస్తుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక్కోసారి అదీ కనిపించదు. లక్షణాలు అనుమానంగా ఉంటే మళ్లీ తీయించాల్సిందే.

నాకు బాధ కలిగించేది ఆ ఎక్కిళ్ల సంగతి. తల తిరిగి వాంతులైతే పైత్యమనో గ్యాసనో సోడా తాగించి పడుకోబెడతారు. మూతి వంకర పోలేదు, చెయ్యి పడిపోలేదు కాబట్టి పక్షవాతమని ఎవరికీ తోచదు. కానీ తల తిరుగుడుతో పాటు ఆగని ఎక్కిళ్లు, నిలబడలేక ఒక పక్కకు తూలడం, గుక్కెడు నీళ్లకే పొలమారడం, గొంతు బొంగురుపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు, ఒళ్లు మరోవైపు తిమ్మిరెక్కడం.. వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలయ్యాక నాలుగున్నర గంటలే గడువు. కవిటి నుంచి విశాఖ వెళ్లేసరికే అందులో చాలా వరకు అయిపోతుంది. బేసిలార్ అనే పెద్ద రక్తనాళం మూసుకుపోతే మాత్రం, కొందరికి 24 గంటల వరకూ గొట్టం పంపి గడ్డను తీయవచ్చు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం వాళ్లకు కిడ్నీల గురించి ఉండే భయం న్యాయమైనదే. మందు ఎక్కించకుండా ఎంఆర్ఐలోనే రక్తనాళాలను చూడవచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించి ఎంఆర్ యాంజియోగ్రామ్ సరిపోతుందేమో అడగండి. ప్రాణం మీదికి వచ్చిన వేళ డాక్టర్ సీటీ యాంజియోనే కావాలంటే మాత్రం వద్దనకండి.

మింగడం పరీక్షించేదాకా నాన్నగారికి నోటితో మజ్జిగ, మాత్రలు, చివరికి మంచినీళ్లు కూడా పట్టకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముక్కులో గొట్టం వేస్తే కంగారు పడొద్దు. చాలామందికి కొన్ని వారాల్లో మింగడం మెరుగుపడుతుంది.