పొగ మింగను, నోట్లోనే ఉంచి వదిలేస్తాను... అంగిలి మీద ఈ ఎర్రచుక్కలేంటి డాక్టర్?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది కోనసీమ. పన్నెండేళ్లుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సిగరెట్ ఎప్పుడూ ముట్టలేదు. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద విదేశం వెళ్లినప్పుడు అక్కడి సహోద్యోగి సిగార్ రుచి చూపించాడు. అప్పటి నుంచి దాని గురించి చదువుతూ, నేర్చుకుంటూ ఉన్నాను. ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి నెలకోసారి ఒకరి టెర్రస్ మీద కూర్చునేవాళ్లం. ఇప్పుడు దాదాపు ప్రతి శుక్ర, శనివారాలూ కూర్చుంటున్నాం. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చను. నోట్లో ఆపి, కొంచెం ముక్కు గుండా వదులుతాను. రెట్రోహేల్ అంటారు దాన్ని. పక్కన ఒకటి రెండు పెగ్గులు విస్కీ ఉంటుంది. కోకో, తోలు, దేవదారు, మిరియం, ఇలా ఏది ఎప్పుడు తగిలిందో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈమధ్య పళ్లు క్లీన్ చేయించుకోవడానికి వెళ్తే, అంగిలి తెల్లబడి మధ్యమధ్య ఎర్రచుక్కలున్నాయి, ఈఎన్‌టీకి చూపించుకోమని డెంటిస్టు చెప్పారు. నొప్పేమీ లేదు. కూరలో ఉప్పు తగ్గిందని నేనంటే మా ఆవిడ సరిపోయిందంటోంది. సిగార్ తాగిన రాత్రి గుండె దడగా ఉండి నిద్ర పట్టదు. ఇవి చేత్తో చుట్టిన ప్రీమియం సిగార్లు, కెమికల్స్ కలపరు. మా తాతగారు లంక పొగాకు చుట్టలు తాగే 84 ఏళ్లు బతికారు. పొగ మింగకపోయినా ప్రమాదమేనా? నెలకు ఎన్ని వరకు ఫర్వాలేదు? పెట్టెలో ఇంకా పదకొండు మిగిలాయి, వాటినేం చేయమంటారు? మా మామగారు అడుగుతున్నారు కానీ ఆయనకు నిరుడు స్టెంట్ వేశారు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

డాక్టర్ సలహా: ముందు అంగిలి సంగతి చూద్దాం. మిగతావి కాసేపు ఆగుతాయి.

బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి, తల వెనక్కి వాల్చి, ఫోన్ టార్చ్ వేసి నోరు పెద్దగా తెరవండి. పై పళ్ల వెనకాల గట్టిగా తగిలే భాగం మామూలుగా లేత గులాబీ రంగులో ఉంటుంది. మీ డెంటిస్టు చూసింది నేననుకుంటున్నదే అయితే, ఆ గులాబీ రంగు పోయి బూడిద కలిసిన తెలుపు వచ్చి ఉంటుంది. దాని మీద ఆవగింజంత ఉబ్బులు, ఒక్కో ఉబ్బు నడుమ సూదిమొనంత ఎర్రచుక్క కనిపిస్తాయి. కొందరిలో నీళ్లింకిన చెరువులా సన్నటి బీటలు కూడా ఉంటాయి. ఆ చుక్కలు పుండ్లు కావు. అంగిలి నిండా కంటికి కనిపించని చిన్న చిన్న లాలాజల గ్రంథులుంటాయి. వేడికి, పొగకు వాటి మూతులు వాచి ఇలా బయటపడతాయి. పైపు, సిగార్ తాగేవాళ్లలో మేం ఎక్కువగా చూసే మార్పు ఇది. నికోటినిక్ స్టొమటైటిస్ అంటాం. పేరు నికోటిన్‌ది కానీ చాలావరకు ఇది వేడి చేసే పని. పొగలు కక్కే కాఫీ రోజుకు నాలుగైదు సార్లు గొంతులో పోసుకునేవాళ్లలో కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది.

మామూలు సిగార్ తాగేవాళ్లలో ఇది క్యాన్సర్‌గా మారే మచ్చ కాదు. పొగ మానేస్తే కొన్ని వారాల్లో అంగిలి మళ్లీ మామూలు రంగులోకి వస్తుంది. అయితే నేను రాసింది చదివి ఊరుకోవద్దు. అది అదేనని ఎవరైనా లైటు వేసి, చేత్తో తడిమి, చూసి చెప్పాలి. అంగిలి తెల్లబడేంత పొగ ఆడిన నోట్లో నాలుక పక్కలు, నాలుక కింది భాగం, టాన్సిల్స్ చుట్టూ కూడా చూడాల్సి ఉంటుంది. అసలు భయం అక్కడ. ఫోన్‌లో ఫోటో తీసి పంపితే నాలుక కింద ఏముందో ఎవరికీ తెలీదు.

నాది శ్రీకాకుళం వైపు. మా ఊళ్లో నాయనమ్మల తరం అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా నాయనమ్మ పెదాలు బిగించి చుట్ట లాగుతూనే చేపలు తోముతుంటే, లోపల నిప్పు ఎలా ఆరకుండా ఉందా అని పక్కన కూర్చుని చూసేవాణ్ణి. మా జిల్లాలోనే 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో రాసిన అధ్యయనం 1971లో అచ్చయింది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మచ్చలను మేం మీ మచ్చల్లా తేలిగ్గా తీసుకోం, వాటిలో క్యాన్సర్‌గా మారేవి ఉంటాయి. మీది ఆ కోవ కాదు. కానీ నా కుర్చీలో కూర్చుని ఎవరైనా 'నోట్లోనే కదండీ, మింగట్లేదు కదా' అన్నప్పుడల్లా నాకు నాయనమ్మే గుర్తొస్తుంది. ఆవిడా మింగేది కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. సిగరెట్‌లో వాడే వర్జీనియా ఆకును మన ప్రకాశం జిల్లాలో బ్యారన్ అనే కొట్టంలో వేడి మీద ఆరబెడతారు కదా. ఆ ఆకు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, అందులోని నికోటిన్ నోటి పొరల్లోంచి సరిగ్గా దిగదు. అందుకే సిగరెట్ తాగేవాడు గుండెల నిండా లాగితే గానీ తృప్తి పడడు. సిగార్ ఆకు దారి వేరు. దాన్ని నీడన గాలికి ఆరబెట్టి, మండె వేసి, అంటే కుప్పగా పేర్చి, లోపల వేడి పుట్టేలా నెలల తరబడి మాగబెడతారు. ఘాటు తగ్గి, మీరు వెతుక్కునే కోకో, తోలు వాసనలు పుట్టేది ఆ మండెలోనే. మాగిన ఆ ఆకు పొగకు క్షార గుణం వస్తుంది. క్షారమైన పొగలోని నికోటిన్ బుగ్గల్లోంచి, నాలుక కింది నుంచి నేరుగా రక్తంలోకి వెళ్లిపోతుంది. పీల్చాల్సిన పనే లేదు. కాబట్టి మీరు జాగ్రత్త అనుకుంటున్నది సిగార్ తాగే పద్ధతే తప్ప జాగ్రత్త కాదు.

సిగరెట్‌లో గ్రాము పొగాకు కూడా ఉండదు. పెద్ద సిగార్‌లో సైజును బట్టి 5 నుంచి 20 గ్రాములుంటుంది. ఒక్కోదానిలో సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు. మీరు దాన్ని గంటా, గంటన్నర నోట్లో ఆడిస్తారు. సిగార్‌ను మూడు భాగాలనుకుంటే, మీ నోట్‌బుక్‌లో చివరి భాగానికి వచ్చేసరికి 'స్ట్రాంగ్', 'మిరియం ఘాటు' అని రాసుకుని ఉంటారు, అవునా? మొదటి రెండు భాగాల తారు, నికోటిన్ కొంత ముందున్న ఆకులోకి దిగుతూ వస్తాయి, చివర్లో వేడి కూడా పెరుగుతుంది. శుక్రవారం రాత్రి పదిన్నరకు ఆ భాగం పూర్తి చేసి పడుకుంటే గుండె కొట్టుకోక ఏం చేస్తుంది! రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికే దాదాపు రెండు గంటలు పడుతుంది. మీ దడకు చాలావరకు కారణం ఇదే. అయినా ఒకసారి బీపీ చూపించుకోండి. సిగార్ లేని రోజుల్లో కూడా దడ ఉంటే ఈసీజీ తీయించుకోవాలి.

కెమికల్స్ కలపరన్నది చాలావరకు నిజమే. మంచి సిగార్‌లో కోకో వాసన ఎవరూ చల్లింది కాదు. కానీ రుచి పుట్టే ఆ మాగుడులోనే పొగాకుకు ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు కూడా తయారవుతాయి. ఆకు క్యూబాదైనా, నికరాగువాదైనా, మీ గోదావరి లంకదైనా ఇది మారదు. మిగతాది ఆకు కాలినప్పుడు పుడుతుంది, కార్బన్ మోనాక్సైడ్, తారు. చేత్తో చుట్టినంత మాత్రాన అవి తగ్గవు. ఖరీదుకూ నోటికీ సంబంధం లేదు. అమెరికాలో పెద్ద సిగార్ కంపెనీలు 2000లో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం పెట్టెల మీద వేసిన హెచ్చరికల్లో ఒకటి, పొగ లోపలికి పీల్చకపోయినా సిగార్ వల్ల నోటి, గొంతు క్యాన్సర్లు రావచ్చని. మీ ప్రశ్నకు జవాబు పెట్టె మీదే ఉందన్నమాట. మనవాళ్లు ఆ పెట్టె మీద బంగారు రంగు ముద్ర చూస్తారు, హెచ్చరిక చూడరు.

ఉప్పు విషయం ఈ ఉత్తరంలో నాకు బాగా ఆసక్తి కలిగించింది. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం వాసనే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే కమ్మదనం. కోకో, తోలు, దేవదారు ఇవన్నీ నోటి వెనక నుంచి ముక్కు పైభాగానికి ఎక్కిన ఆవిరి చెప్పే కబుర్లు. మీరు ముక్కు గుండా పొగ వదిలితే రుచి విచ్చుకున్నట్టు అనిపించేది అందుకే. మిరియం మాత్రం రుచీ కాదు, వాసనా కాదు. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండించే నరమే ముక్కులో కూడా మండుతోంది, అంతే. ఒళ్లు 'చాలు' అంటుంటే మీరు దానికి మార్కులు వేస్తున్నారు!

ముక్కుకు రెండేళ్లు శిక్షణ ఇచ్చారు కాబట్టి అది ఇంకా పనిచేస్తోంది. ఉప్పు పట్టాల్సిన నాలుక మాత్రం వేడికి, పొగకు మొద్దుబారినట్టుంది. నోట్‌బుక్‌లో ఐదు రకాల చెక్కల వాసన పట్టుకునే మనిషి ఇంట్లో పప్పులో ఉప్పు పట్టుకోలేకపోతున్నాడు. మీ ఆవిడ చెప్పిందే నమ్మండి, పైన ఉప్పు చల్లుకోకండి. బీపీకి అదొక తోడవుతుంది. పొగ ఆపితే వారాల నుంచి కొన్ని నెలల్లో నాలుక తేరుకోవడం మామూలే. తేరుకోకపోతే షుగర్, థైరాయిడ్, సైనస్ లాంటి కారణాలు వెతుకుదాం.

నెలకు ఎన్ని అని అడిగారు. ఇన్ని వరకు ఫర్వాలేదని చెప్పే అంకె లేదు. ఉన్న పరిశోధనలు ఎక్కువగా రోజూ తాగేవాళ్ల మీద చేసినవి. రోజుకు ఒకటి రెండు తాగేవాళ్లలో నోటి, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు రెట్టింపని, మూడు నాలుగు తాగేవాళ్లలో నోటి క్యాన్సర్ ముప్పు ఎనిమిది రెట్లు దాటుతుందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో లెక్కలు ఇచ్చింది. నెలకు ఒకటి తాగే మనిషి ముప్పు అంతకంటే చాలా తక్కువే, అందులో దాపరికం లేదు. కానీ మీరు ఆ మనిషి కాదు. నెలకు ఒకటి తాగి, రెండేళ్లలో ఎనిమిదికి వచ్చారు. నన్ను కంగారు పెట్టింది అంగిలి కంటే ఆ వాక్యమే. మీరు దాన్ని మామూలుగా రాసేసి ముందుకు వెళ్లిపోయారు.

విస్కీ ఇంకొకటి. సిగార్‌తో విస్కీ జోడీ అని పుస్తకాల్లో రాస్తారు. నోటికి మాత్రం ఆ జోడీ మంచిది కాదు. పొగాకు, మద్యం విడివిడిగా చేసే కీడు కలిపితే కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. రెండూ మానడం కుదరకపోతే కనీసం ఒకే పూట రెండూ పెట్టుకోకండి.

తాతగారి గురించి ఒక్క మాట. నా దగ్గరికి వచ్చే ప్రతి పొగరాయుడికీ 84 ఏళ్ల తాతగారు ఒకరు ఉంటారు. అదే లెక్కన మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కూడా జీవితమంతా సిగార్ వదలని మనిషే. 1923లో పై దవడలో, అంగిలి దగ్గర క్యాన్సర్ బయటపడింది. 1939లో చనిపోయేదాకా ముప్పైకి పైగా ఆపరేషన్లు అయ్యాయి. ఈయన్ని చూపించి నేను మిమ్మల్ని భయపెట్టకూడదు, ఆయన్ని చూపించి మీరు ధైర్యం తెచ్చుకోకూడదు.

ఇక చేయాల్సింది. ఈ వారంలోనే ఈఎన్‌టీ దగ్గరికో, నోటి వ్యాధులు చూసే డెంటిస్టు దగ్గరికో వెళ్లండి. రెండేళ్లుగా ఎన్ని తాగారో తగ్గించకుండా చెప్పండి. వీలైతే ఆ నోట్‌బుక్కే తీసుకెళ్లండి, నాకైతే అంత చక్కటి కేస్ హిస్టరీ ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నాలుగు వారాలు సిగార్ పూర్తిగా ఆపి, బై-టూ కాఫీ కాస్త చల్లారాక తాగి, మళ్లీ చూపించుకోండి. అంగిలి మామూలు రంగులోకి వస్తే సంతోషం. రాకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాల్సి రావచ్చు, దానికి భయపడొద్దు. ఈలోగా రెండు వారాలైనా మానని పుండు, ఎర్రటి మచ్చ, మెడలో గడ్డ, ఒకవైపే చెవిపోటు, మింగడంలో ఇబ్బంది, తగ్గని గొంతు బొంగురు, వీటిలో ఏది కనిపించినా నాలుగు వారాలు ఆగకండి.

రెండో శుక్రవారానికే టెర్రస్ మీదికి కాళ్లు లాగితే, అది రుచి కాదు, నికోటిన్. సిగ్గుపడాల్సిన పని లేదు. 1800-11-2356కు ఫోన్ చేయండి. పొగాకు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేకంగా క్లినిక్ ఉంది.

వాసనలు పట్టే మీ సరదా పోతుందని బెంగపడకండి. చిక్కమగళూరు మీకు ఒక్క పూట ప్రయాణం. కాఫీ రుచి చూసేవాళ్లు చెంచాతో జుర్రుమని లాగి, ముక్కు వెనక్కి పంపి, చాక్లెట్, నారింజ, గింజలు అంటూ మీలాగే రాసుకుంటారు. అరకు గింజలు తెప్పించుకుని ఆ ఐదుగురినీ టెర్రస్ మీదే కూర్చోబెట్టండి. రాత్రి కాదు, పొద్దున్న.

మిగిలిన పదకొండూ పెట్టెలోనే ఉంచి మూత వేయండి. సిగార్లు దాచే హ్యూమిడార్ పెట్టెలో 65 నుంచి 70 శాతం తేమ ఉంటే అవి ఏళ్ల తరబడి చెడవని నాకంటే మీకే బాగా తెలుసు, కాబట్టి ఈ నెలలో తేల్చేయాల్సిన తొందరేమీ లేదు. మామగారికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకండి. స్టెంట్ వేసిన గుండె ఆయనది.