తిరువళ్ళూరు ఊళ్ళకు వెళ్ళబోతున్న సుధకు

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. క్షయ క్రిమి రకాల మీద పరిశోధనకు నువ్వు తిరువళ్ళూరు జిల్లా పల్లెలను ఎంచుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ధైర్యంగా ఉండమని నేను కోప్పడ్డాను. కానీ మన ఇంటి పిల్ల తెమడ సీసాలు పట్టుకుని ఊళ్ళు తిరగబోతోందన్న గర్వమూ, నీ ఆరోగ్యం మీద బెంగా కలిసి నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర వదులు కాకూడదు. వెళ్ళేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకో. తెమడ ఎప్పుడూ ఆరుబయట, గాలి ఆడే చోట తీయించు. ముందు నోరు మంచినీళ్ళతో పుక్కిలించమను. ఉమ్మి పనికిరాదనీ, లోపలి నుంచి దగ్గి తీయాలనీ చెప్పు. సీసా మీద కోడ్ రాయి, మూత మీద రాయకు, మూతలు మారిపోతాయి. మంచు పెట్టెలో అదే రోజు ల్యాబుకు చేర్చు. ఎండలో ఆలస్యమైతే వేరే క్రిములు పెరిగి కల్చర్, అంటే ల్యాబులో క్షయ క్రిమిని పెంచే పని, చెడుతుంది, ఎనిమిది వారాల ఎదురుచూపు వృథా అవుతుంది. జీపు రోగి ఇంటి ముందు ఆపకు.

నువ్వు వెళ్ళే చోటు గురించి ఒక మాట. 1968లో మొదలైన చెంగల్పట్టు బీసీజీ (క్షయ టీకా) ప్రయోగం జరిగింది ఆ ప్రాంతంలోనే. అప్పటికి తిరువళ్ళూరు విడి జిల్లా కాలేదు. రెండున్నర లక్షలకు పైగా జనానికి టీకా గానీ, మందు లేని సూది గానీ వేసి ఏళ్ళ తరబడి చూశారు. పెద్దవాళ్ళలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. 1999లో డాట్స్, అంటే కార్యకర్త కళ్ళెదుట మందులు మింగించే పద్ధతి, వచ్చాక మళ్ళీ సర్వేలు చేశారు. మూడో సర్వే నాటికి జబ్బు దాదాపు సగానికి తగ్గింది. 2006-08 నాటి నాలుగో సర్వేలో మళ్ళీ పెరిగింది. తాతల కాలం నుంచి సూదులకు చేతులు చాపుతూ, తెమడ ఇస్తూ ఉన్న జనం వాళ్ళు. ‘మళ్ళీ ఎందుకొచ్చారమ్మా?’ అని ఎవరైనా విసుక్కుంటే నువ్వు చిరాకు పడకు. అరుగు మీద కూర్చుని సమాధానం చెప్పు.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి.

నేను ల్యాబులో పనిచేసే రోజుల్లో క్రిమి రకాన్ని ఐఎస్6110తో గుర్తించేవారు. క్రిమి జన్యువులో ఉండే ఆ చిన్న ముక్క తన నకళ్ళను అక్కడక్కడా అతికించుకుంటూ పోతుంది. చాలా దేశాల క్రిముల్లో అది ఎన్నో చోట్ల ఉంటుంది కాబట్టి, ఫిల్మ్ మీద గీతల వరుస కలిస్తే రెండూ ఒకే రకమని నమ్మవచ్చు. మన దక్షిణాది పల్లెల్లో ఎక్కువగా తిరిగేది పాత వంశపు క్రిమి, తూర్పు ఆఫ్రికా-భారత రకం. అందులో చాలావాటికి ఒక్కటే గీత. కొన్నిటికి అదీ ఉండదు. ఒక్క గీత కలిసినంత మాత్రాన రెండూ ఒకే రకమని చెప్పలేం.

ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళిద్దరికీ క్షయ బయటపడింది. ఫిల్మ్ మీద ఇద్దరిదీ ఒక్కటే గీత, ఒకే ఎత్తులో. మా ల్యాబు తరఫున ఆ ఊరికి వెళ్ళే కుర్రవాడు మంచివాడే. ఇంటివాళ్ళు అడిగితే ‘ఇద్దరిదీ ఒకే రకం క్రిమి’ అని చెప్పాడు. వాళ్ళకు వినబడింది ‘కోడలే తెచ్చింది’ అని. ఇంటికి కొత్తగా వచ్చింది ఆ పిల్లే కదా! వారం తిరగకుండా పుట్టింటికి పంపేశారు. మందుల కార్డు అత్తవారి ఊళ్ళోనే ఉండిపోయింది, మందులు ఆగిపోయాయి. ఆరోగ్య కార్యకర్త ఒకావిడ ఆచూకీ తీసి, వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టించింది కాబట్టి పిల్ల బతికింది. ఆ ఇంటికి మాత్రం తిరిగి రాలేదు. తరువాత స్పాలిగోటైపింగ్ అనే వేరే జన్యు పరీక్ష చేసి చూస్తే ఇద్దరివీ వేరు వేరు రకాలు. ఆ కాగితం పట్టుకుని ఆ అత్తగారి దగ్గరకు ఎవరు వెళతారు? ఎవరూ వెళ్ళలేదు.

నీ దగ్గర జన్యువు మొత్తం చదివే యంత్రం ఉంది, ఒక్క గీత బాధ లేదంటావు. రెండు క్రిముల జన్యువుల్లో పన్నెండు అక్షరాల లోపు తేడా ఉంటే ఈమధ్యే అంటుకుని ఉండవచ్చని అంటారు. సరే. ఎవరి నుంచి ఎవరికో ఆ లెక్క చెప్పదు. ఇద్దరికీ టీ కొట్టు దగ్గర మూడో మనిషి నుంచి వచ్చి ఉండవచ్చు. ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు ఉంటారు; వాళ్ళలో వేరే వంశం కనబడితే పటం మీద బట్టీ పేరు వేయకు. క్రిమి రకం ఫలితం ఊళ్ళోకి వెళ్ళకూడదు. మందుకు లొంగుతుందా లేదా అన్న ఫలితం మాత్రం ఒక్క పూట కూడా నీ దగ్గర ఆగకూడదు. సీబీనాట్, ట్రూనాట్ అనే త్వరిత పరీక్షలు ఎక్కువగా చూసేది రిఫాంపిసిన్ మందు సంగతి; మరో క్షయ మందు అయిన ఒక్క ఐసోనియాజిడ్‌కే లొంగని క్రిమి వాటికి చిక్కకుండా పోవచ్చు. అది నీకు దొరికితే నీ వ్యాసం అచ్చయ్యేదాకా ఆగకు. అదే రోజు జిల్లా క్షయ అధికారికి చెప్పు.

మా మేనత్త మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో ఉండి నయమై వచ్చింది. నయమయ్యాక కూడా ఆవిడ గ్లాసు గూట్లో విడిగానే ఉండేది. గ్లాసుతో ఈ జబ్బు రాదు. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్ళకూ శానిటోరియంలో నయమైనట్టే నయమైంది. వాళ్ళను ఇంట్లో ఉంచుకున్నందుకు ఇంటివాళ్ళకు అదనంగా అంటుకోనూ లేదు. అది తేలిన తరువాత కూడా మా ఇంట్లో ఆ గ్లాసు కదలలేదు. భయానికి ఆధారం అక్కరలేదమ్మా. నువ్వు పొరపాటున ఒకటి అందించకు, అంతే.

ఇంకొకటి. ఝార్ఖండ్‌లో రోగుల ఇళ్ళకు తిండిగింజలు ఇస్తే ఆ ఇంటివాళ్ళకు క్షయ రావడం 39 శాతం తగ్గిందని నువ్వే కదా నాకు చదివి వినిపించావు? మరి ఉదయం టీ తాగి బయలుదేరితే మధ్యాహ్నం దాకా ఏమీ తినవట! ఇంత చదివి ఏం లాభం? దగ్గే మనుషుల మధ్య ఖాళీ కడుపుతో తిరుగుతావా? ఇడ్లీ అయినా, పెరుగన్నం అయినా కట్టించుకుని వెళ్ళు. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుంటే తప్ప ముద్ద మింగేదానివి కాదు. ఇప్పుడు ఆ పల్లెల్లో నీకు ఎవరు పెడతారని నా దిగులు, తల్లీ.

పళ్ళిపట్టు, తిరుత్తణి వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇచ్చే సమ్మతి పత్రం తెలుగులో ఎవరు రాస్తున్నారు? ముసాయిదా నాకు పంపు. ‘మీకు ఈ జబ్బు ఎవరి నుంచి వచ్చిందో ఈ పరీక్ష తేల్చదు, మేము ఎవరికీ చెప్పం’ అన్న మాట అందులో ఉండాలి. లేకపోతే నేనే రాసి పంపుతాను. నెలాఖరులో నాకు కంటి ఆపరేషన్, ఆలోపే అందేలా చూడు.

నీ పెద్దమ్మ