కొత్త ప్రధాన గ్రంథపాలకురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మొదటి ఏడాది ఏమేమి మార్చాలని అడిగావు. నా మాట వింటే, మొదటి ఆరు నెలలూ దేనినీ తీసివేయవద్దు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. నేను పదవిలోకి వచ్చిన కొత్తలో, చోటు చాలడం లేదని, పదేళ్లుగా ఒక్కసారైనా ఇష్యూ కాని పుస్తకాల జాబితా తీయించి, అన్నింటినీ వారంలోగా గోదాముకు పంపించివేశాను. మర్నాడే ఒక వృద్ధ ఆచార్యులు ఖాళీ అర ముందు నిలబడి, దుమ్ములో పుస్తకాల అడుగులు మిగిల్చిన గుర్తులను వేలితో తడుముతూ, "రోజూ ఇక్కడే నిలబడి చూసుకుని, ఇక్కడే పెట్టి వెళ్లేవాణ్ణి" అన్నారు. ఆయన చదువు మా లెక్కల్లో ఎక్కడా లేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1969లో కొన్న పుస్తకాల్లో సుమారు 40 శాతం ఆరేళ్లలో ఒక్కసారీ ఇష్యూ కాలేదని 1979లో వెలువడిన అధ్యయనం చెప్పినప్పుడు, అధ్యాపకులు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటి. ఆ అంకె కొట్టిపారేయదగినదేమీ కాదు, అడిగిన ప్రతి పుస్తకమూ కొనే అలవాటుకు అది తగిన మందే. అయితే కత్తెర పట్టుకునే ముందు, బల్లల మీద వదిలివెళ్లిన పుస్తకాలను అరల్లో సర్దేలోపు స్కాన్ చేయించి, ఆ చదువునూ వాడుక లెక్కలో చేర్చు. తీసివేత జాబితాను విభాగాలకు పంపి, ఒక సెమిస్టరు ఆగు.

పుస్తకాల కంటే పత్రికల చందాలే నిధులను ఎక్కువగా మింగుతాయి. ప్రచురణకర్తలు వందల పత్రికలను ఒకే మూటగా కట్టి, ఏటేటా పెంపును ఒప్పందంలోనే రాసి అమ్ముతారు. గడువులోగా నోటీసు ఇవ్వకపోతే దానంతట అదే పొడిగింపయ్యే షరతు కూడా కొన్నింటిలో ఉంటుంది. అందుచేత నీవు మొదట తయారు చేయవలసినది ఆ గడువుల పట్టిక. ఆన్‌లైన్ పత్రికల వాడుకను ఒకే తీరుగా లెక్కించే కౌంటర్ (COUNTER) అనే ప్రమాణం ప్రకారం వచ్చే వాడుక నివేదికలు తెప్పించి, చందాను డౌన్‌లోడ్ల సంఖ్యతో భాగించి చూడు. ఆ భాగఫలాన్ని పట్టుకుని గణితశాస్త్ర పత్రికలను వైద్యశాస్త్ర పత్రికలతో పోల్చవద్దు. గణితంలో పాఠకులు కొద్దిమందే, కాని యాభై ఏళ్లనాటి వ్యాసం కూడా వారికి పనికివస్తుంది. రద్దు చేయక తప్పని పత్రిక ఉంటే, ఆ విభాగాధిపతికి ఆ సంగతి నీ నోటనే ముందుగా తెలియాలి, కమిటీ సమావేశంలో కాదు.

సిబ్బంది విషయం ఎక్కువ చెప్పను. రాత్రి షిఫ్టు ఎవరికి పడుతోందో స్వయంగా చూసుకో.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ అంతటివారే 1924లో గణిత బోధన వదిలి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చిన కొత్తలో, విసుగెత్తి తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోదామనుకున్నారు. నీ గదిలో నీకూ ఆ విసుగు కలిగితే, లేచి వెళ్లి ఒక గంట రిటర్నుల కౌంటరులో కూర్చో. గడువుల పట్టిక పూర్తయ్యాక నాకొక ప్రతి పంపు, ముందుగా ఏ ప్రచురణకర్తతో మాట్లాడాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ పాత గ్రంథపాలకుడు