చెరువు కమిటీలో పేరు పడ్డ బిడ్డకు

బిడ్డా,

చెరువు కమిటీలో నీ పేరు పెట్టారని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. ఎండాకాలం కదా, వచ్చినవాళ్లంతా పూడిక తీయిద్దామనే అంటారు. 2015లో చెరువులు బాగుచేసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి చెరువు పనంటే పూడికే అయిపోయింది. తీయించు, కాదనను. కానీ ముందు నీళ్లు వచ్చే దారి చూడు. నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువుకైతే కృష్ణ నీళ్లు కాలువలో వస్తాయి. మనది వానను నమ్ముకున్న చెరువు. పై కుంట నిండి మత్తడి, అదే అలుగు, దుంకితేనే మనకు నీళ్లు. నడుమ ఎవడన్నా వెంచర్ వేసి కాలువ పూడ్చాడంటే, ఎంత లోతు తవ్వినా ఉత్త గుంతే. ఒక పొద్దున కాలువ పట్టుకుని పై కుంట దాకా నడిచి రా.

పూడిక తీసేటప్పుడు కట్ట మొదట్లో తవ్వనియ్యకు. నల్ల ఒండ్రు చెలకలకు పోవాలి. అది పడిన ఎర్రచెలకలో తేమ ఆగుతుంది, రెండు వానల నడుమ పైరు తట్టుకుంటుంది. మొరం తేలిందా, జేసీబీ ఆపించు. ఆ తర్వాత తవ్వేది రైతు కోసం కాదు, మొరం అమ్ముకునేటోడి కోసం. నీళ్లు నిండాక పిల్లలు, పశువులు మునిగేది ఆ గుంతల్లోనే.

వానలు పడ్డాక కట్ట మీద తిరిగితే చాలదు, కింద పొలాల వైపు నడువు. అక్కడ చెమ్మ మామూలే. తేట నీళ్లు ఊరుతుంటే టెన్షన్ పడకు, రోజూ ఒకసారి చూసిరా. బురద నీళ్లు వస్తున్నాయంటే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు, బుంగ పడ్డట్టే. మనవాళ్లు బంకమట్టి తెచ్చి మూయబోతారు. మూస్తే నీళ్లు పక్క నుంచి ఇంకో దారి చేసుకుంటాయి. నీళ్లు ఊరే చోట ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేయించు, చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించు. నీళ్లు బయటికి పోవాలి, మట్టి పోకూడదు. అర్ధరాత్రయినా సరే ఇరిగేషన్ ఏఈకి ఫోన్ కొట్టు. కట్ట మీది తుమ్మలు మొలకలప్పుడే పీకించు. మానయ్యాక నరికితే వేర్లు కుళ్లి, ఆ సందుల్లోకే నీళ్లు దూరతాయి.

చేపలు పోకుండా మత్స్య సొసైటీ వాళ్లు మత్తడికి జాలి కడతారు. చేపపిల్ల పోసిన ఖర్చు వాళ్లది, బాధ నిజమే. కానీ పెద్ద వరదకు చెత్త, గుర్రపుడెక్క వచ్చి జాలికి పట్టేస్తే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, గండి పడుతుంది. వాళ్లతో ఇప్పుడే కూర్చో. వరద నాడు కొట్లాడి లాభం లేదు.

ఇక కబ్జాలు. శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, దున్నేవాళ్లలో మన చుట్టాలూ ఉన్నారు, మాటలతో తెగదు. నీళ్లు సరిగ్గా మత్తడి అంచుకు తగిలిన రోజు ఎక్కడిదాకా నిలిచాయో అదే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండు మట్టం హద్దు. ఆ రోజే లొకేషన్ ఆన్ చేసి చుట్టూ ఫొటోలు తీసిపెట్టు. హద్దురాళ్ల కోసం దరఖాస్తు రెవెన్యూకు, ఇరిగేషన్‌కు రెండు చోట్లా ఇవ్వు. అందినట్టు ముద్ర పడనిదే ఆఫీసు గడప దిగకు.

మీ పెద్దనాయన