సైటు అమ్మకండి, ముందు ఈఎంఐ లెక్క చూడండి

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, చేతికి 85 వేలు వస్తుంది. అబ్బాయి మెకానికల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, సీజీపీఏ 7.9. క్యాంపస్‌లో ఏడాదికి నాలుగున్నర లక్షల ఉద్యోగం వచ్చింది కానీ, అమెరికాలో ఎంఎస్ చేస్తానని పట్టుబట్టాడు. కన్సల్టెన్సీ వాళ్లు తాకట్టు లేకుండా 40 లక్షల లోన్ ఇప్పిస్తామంటున్నారు, వడ్డీ 12 శాతం. మా దగ్గర 11 లక్షల ఎఫ్‌డీ, బీ ఖాతాలో (అనుమతులు సరిగా లేని స్థలాల రికార్డు) ఒక 30 బై 40 సైటు, ఊళ్లో నాన్నగారి పేరిట మూడెకరాలు ఉన్నాయి. అమ్మాయి పదో తరగతి. సైటు అమ్మమంటారా, లోన్ తీసుకోమంటారా? తక్కువ ఖర్చులో చదివే దారి వేరే ఏదైనా ఉందా?

జవాబు: పై చదువుకు వెళ్లేవాళ్లు ఎంతసేపూ అక్కడ ఎంత జీతం వస్తుందనే లెక్క వేస్తారు. మీరు దానికి ఎదురు లెక్క వేయండి. చదువు అయిపోయింది, అక్కడ ఉద్యోగం దొరకలేదు, అబ్బాయి తిరిగి కె.ఆర్. పురం వచ్చేశాడు, ఇక్కడే నెలకు 60 వేల ఉద్యోగంలో చేరాడు. ఆ జీతంలో ఈఎంఐ కట్టగలడా? కట్టగలిగితే ఆ దేశానికి పంపండి, లేకపోతే వద్దు. నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లిదండ్రులతోనూ మొదట ఈ లెక్కే వేయిస్తాను.

మీ కన్సల్టెన్సీ చెప్పిన 40 లక్షలనే తీసుకుందాం. సెమిస్టర్‌కు పది లక్షల చొప్పున నాలుగు విడతల్లో ఇస్తారనుకోండి. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఆరు నెలల వెసులుబాటు. ఈ రెండున్నరేళ్లలో 12 శాతం చొప్పున వడ్డీ ఒక్కటే 8 లక్షల 40 వేలు పోగవుతుంది. అసలుతో కలిపి 48 లక్షల 40 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 70 వేలు. అంటే అరవై వేల జీతం మొత్తం పోసినా ఇంకో పదివేలు మీ జేబులోంచి వెయ్యాలి, అదీ మీరు రిటైర్ అయ్యాక కూడా. పైగా ఇలాంటి లోన్లు ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు చాలావరకు చదువుతుండగానే నెలనెలా కొంత వడ్డీ కట్టమంటాయి. ఆ కాగితం మీకు చూపించారా?

"అక్కడికి వెళ్తే పార్ట్‌టైమ్ చేసి తీర్చేస్తాడు" అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుకునే పిల్లలు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ క్యాంపస్ లోపలే పనిచేయాలి. బయట పెట్రోలు బంకులోనో, రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బు తీసుకుని చేస్తే వీసాకే ఎసరు. చదువయ్యాక ఒక ఏడాది, ఇంజినీరింగ్ వాళ్లకు మరో రెండేళ్లు అక్కడే పనిచేయడానికి అనుమతి ఉంటుంది. ఆ తర్వాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కావాలి, అది లాటరీయే. లాటరీ మీద ఇంటి బడ్జెట్ నడవదు. అలాగని అమెరికా అంటే నాకు గిట్టదనుకోకండి. యూనివర్సిటీ ఫీజు మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ (అక్కడే జీతమిచ్చే పని) ఇస్తే కళ్లు మూసుకుని పంపండి. సొంత డబ్బుతో, అప్పుతో వెళ్లే ఎంఎస్ గురించే నా అభ్యంతరం.

ఇక మీరడిగిన వేరే దారి. మెకానికల్ కాబట్టి నేను జర్మనీ వైపే చూస్తాను. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల విదేశీ విద్యార్థులకు కూడా ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కు వంద నుంచి మూడున్నర వందల యూరోల దాకా చందా లాంటిది కడితే సరిపోతుంది. మినహాయింపులున్నాయి. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం సెమిస్టర్ నుంచి ఫీజు మొదలుపెట్టింది, మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు. పేరు చూసి పరిగెత్తకుండా మాగ్డెబుర్గ్ లాంటి ఊళ్లు చూడండి, మ్యూనిక్‌తో పోలిస్తే గది అద్దె చాలా తక్కువ. ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సుల జాబితా జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మీ కన్సల్టెన్సీ ఈ మాట ఎందుకు చెప్పలేదంటారా? మీ దగ్గర ఫీజు తీసుకోకుండా వాళ్లు బతికేది యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ మీద. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా కమీషన్ ఇవ్వవు. గట్టిగా అడిగితే జర్మనీలోనే ఏదో ప్రైవేటు కాలేజీ పేరు చెప్తారు, దానికి ఏడాదికి పది లక్షలకు పైనే ఫీజు ఉంటుంది. అక్కడ మోసపోకండి. "వీసాకు బ్యాంక్ బ్యాలెన్స్ మేం చూపిస్తాం" అనే వాళ్లుంటే ఆ మెట్లు మళ్లీ ఎక్కకండి.

ఖర్చు చూద్దాం. యూరోను 110 రూపాయల లెక్కన వేస్తున్నాను, తగ్గితే మిగులు. వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వెయ్యాలి, అంటే 13 లక్షల 10 వేలు. ఈ అంకె అప్పుడప్పుడు పెంచుతుంటారు, అప్లికేషన్ వేసే ముందు బెంగళూరులోని జర్మన్ కాన్సులేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇది ఫీజు కాదు, అబ్బాయి డబ్బే. అక్కడ దిగాక నెలకు 992 యూరోల చొప్పున వాడికే వస్తుంది. గది అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ అందులోనే. మన డిగ్రీలను పరిశీలించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18 వేలు, వీసాకు 75 యూరోలు, ఆపైన అప్లికేషన్లు, విమానం టికెట్, గదికి అడ్వాన్సు. అన్నీ కలిపి మొదటి ఏడాదికి 15 లక్షల చిల్లర.

ఇందులో ఏడున్నర లక్షలు ప్రభుత్వ బ్యాంకు లోన్. అంతవరకు ఆస్తి తాకట్టు అడగరు, మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒక్క అప్లికేషన్‌తో పలు బ్యాంకులను అడగొచ్చు. మిగతా ఏడున్నర మీ ఎఫ్‌డీ నుంచి. ఇంకా మూడున్నర లక్షలు ఇంట్లో ఉంటాయి, అది ఆస్పత్రి డబ్బు, ముట్టుకోవద్దు. పీఎఫ్ కూడా.

లోన్ వడ్డీ పదిన్నర శాతం అనుకుంటే నెలకు 6,500 చిల్లర. అది మీరు మొదటి నెల నుంచే కట్టేయండి. అలా కట్టేవాళ్లకు చాలా ప్రభుత్వ బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గిస్తాయి, మేనేజర్ చెప్పకపోతే మీరే అడగండి. చదువయ్యాక పదేళ్లకు ఈఎంఐ దాదాపు 10 వేలు. అరవై వేల జీతంతో బెంగళూరు వచ్చేసినా వాడికి బరువు కాదు.

చిక్కంతా రెండో ఏడాదితోనే. అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ పొడిగించేటప్పుడు ఖర్చుకు ఆధారం మళ్లీ చూపించాలి. జర్మనీలో విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు, క్యాంపస్ బయటైనా సరే. నెలకు 600 యూరోలు సంపాదించినా ఇంకా 400 దాకా తగ్గుతుంది, ఏడాదికి ఐదు లక్షల పైచిలుకు. మొదటి సెమిస్టర్‌లోనే పని దొరుకుతుందని మాత్రం లెక్క వేయకండి. జర్మన్ రాని పిల్లలకు గోదాముల్లో పెట్టెలు మోసే పని దొరుకుతుంది, చదువుకు పనికొచ్చే కంపెనీ ఉద్యోగం దొరకదు.

అందుకే నా సలహా, ఈ ఏడాది పంపకండి. వచ్చిన ఉద్యోగంలో చేరమనండి. మీ ఇంట్లోనే తిని పడుకుంటాడు కాబట్టి నెలకు 20 వేలు దాస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు. మీరు నెలకు మరో 12 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రెండేళ్లలో ఇంకో మూడు లక్షలు. రెండో ఏడాది లోటు తీరిపోయింది. సాయంత్రాలు ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులోని గోథె ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ మొదలుపెట్టమనండి, ఆన్‌లైన్ తరగతులైనా పర్వాలేదు. బీ1 (మధ్యస్థాయి జర్మన్) పూర్తి చేసి వెళ్లినవాడికీ, ఏమీ రాకుండా వెళ్లినవాడికీ జీతంలో తేడా మొదటి వేసవిలోనే తెలిసిపోతుంది. ఏడాది వృథా అవుతుందని అబ్బాయి గొణుగుతాడు. గొణగనివ్వండి.

వాడి 7.9 జర్మనీ లెక్కలో 2.0 నుంచి 2.3 మధ్య వస్తుంది. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, చాలా కోర్సులు 2.5 దాకా తీసుకుంటాయి. సీటుకు అవకాశం ఉంది. అదే చేత్తో యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్‌కూ అప్లై చేయించండి. వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, ఈ లెక్కలేవీ అక్కర్లేదు. పోటీ మాత్రం గట్టిది. ఇటలీలో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ప్రాంతీయ స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి, కానీ చదువయ్యాక మెకానికల్ ఉద్యోగాలకు నేనైతే జర్మనీనే నమ్ముతాను.

విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, అదే టీసీఎస్, దాని భయం మీకు లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల దాకా పంపితే అది పడదు, బ్యాంకు చదువు లోన్ నుంచి వెళ్లే డబ్బుకు అసలే లేదు. మీ చేతి నుంచి వెళ్లేది ఏడున్నరే కదా. బ్యాంకు ఇచ్చే మారకం రేటు మీద మాత్రం బేరమాడండి. యూరోకు రూపాయిన్నర తేడా వస్తే 11,904 యూరోల మీద దాదాపు 18 వేలు, ఏపీఎస్ ఖర్చు వచ్చేసినట్టే. లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీరు కొత్త విధానంలో ఉంటే దాన్ని మర్చిపోండి.

అనకూడదు గానీ అనాలి. పిల్లాడికి ఏదైనా జరిగితే అప్పు మీ మీద పడుతుంది. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీ అంటగట్టాలని చూస్తుంది. ఉద్యోగంలో చేరగానే వాడి పేరిట విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకుంటే తక్కువలో అయిపోతుంది.

ఆస్తుల సంగతి. ఊళ్లో మూడెకరాలను ఏ బ్యాంకూ ఈ లోన్‌కు తాకట్టు పెట్టుకోదు. కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు ఆస్తిని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, కట్టకపోతే వేలం వేయడం వాళ్లకు కష్టం. బీ ఖాతా సైటు మీద కూడా వెనకాడతారు, ఇప్పుడు తొందరపడి అమ్మితే కొనేవాడు అదే సాకుతో ధర తగ్గిస్తాడు. బీ ఖాతాను సక్రమ ఆస్తులుండే ‘ఎ’ ఖాతాగా మార్చుకునే పథకం కర్ణాటక ప్రభుత్వం 2025లో తెచ్చింది. మీ సైటు దాని కిందికి వస్తుందేమో వార్డు ఆఫీసులో కనుక్కుని, దాని ఆన్‌లైన్ రికార్డు, అంటే ఈ-ఖాతా సరిచేసి పెట్టుకోండి. రెండేళ్లలో అమ్మాయి ఇంటర్ అయిపోతుంది. అప్పటికి ఆ కాగితాలు బ్యాంకు ఒప్పుకునేలా ఉండాలి.