డాబా మీది నుంచి ఎమ్82: ఎర్ర పోగులు ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. డాబా మీద 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దం టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 750 ఎంఎం) పెట్టి మామూలు డీఎస్ఎల్ఆర్‌తో ఎమ్82 గెలాక్సీని 3 నిమిషాల చొప్పున 10 ఫొటోలు తీసి స్టాక్ చేశాను (అన్నీ కలిపి ఒకే ఫొటోగా చేశాను). బూడిద రంగు గీతలా వచ్చింది, అంతే. మధ్యలోంచి పైకీ కిందకీ చిమ్మినట్టుండే ఎర్ర పోగులు అసలు లేవు, నక్షత్రాలు కూడా కొంచెం సాగాయి. ఇంకా పెద్ద టెలిస్కోప్ కొనాలా?

జవాబు: కొనొద్దండీ, మీ టెలిస్కోప్ చాలు. ఆ గీతని ఒకసారి జూమ్ చేసి చూడండి, మధ్యలో అడ్డంగా నల్లటి చీలిక ఉంటుంది, అది ధూళి, కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ధూళి మీ డాబా మీద దొరికిందంటే అది చిన్న విషయం కాదు.

ఇక ఎరుపు సంగతి. పక్కనున్న ఎమ్81 గురుత్వాకర్షణ లాగుడుకి ఎమ్82 నడిమధ్య గ్యాస్ పోగై నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి, వాటి గాలులూ పేలుళ్ళూ కలిసి హైడ్రోజన్‌ని బయటికి తోసేస్తున్నాయి, ఆ హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. కానీ మామూలు కెమెరా సెన్సార్ ముందుండే ఫిల్టర్ ఆ వెలుగులో చాలా భాగాన్ని ఆపేస్తుంది, అందుకే ఎంత పెద్ద అద్దం పెట్టినా పెద్దగా తేడా రాదు. డబ్బు పెట్టేదేదో ఆ ఫిల్టర్ తీయించిన సెకండ్ హ్యాండ్ కెమెరా మీద పెట్టండి. రెండోది, అరగంట డేటా అస్సలు చాలదు, రెండు మూడు రాత్రులు కలిపి కనీసం 4 గంటలు పోగెయ్యండి, అదీ ఒక్కో నిమిషం ఫొటోలుగా, లేకపోతే మధ్య భాగం కాలిపోయి తెల్లగా అయిపోతుంది.

నక్షత్రాలు సాగడానికి కారణం పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ (టెలిస్కోప్‌ని తిప్పే స్టాండ్) అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టడం, సరిగ్గా కుదరకపోవడం అయ్యుంటుంది. మన దగ్గర ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కదా, పక్కింటి వాటర్ ట్యాంకో కొబ్బరిచెట్టో అడ్డమొస్తే అంతే సంగతులు. నేనైతే ధ్రువ నక్షత్రంతో పనిలేకుండా, దక్షిణాన నడినెత్తి గీత (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి వెళ్ళే ఊహా గీత) దగ్గర ఒక నక్షత్రాన్ని క్రాస్‌హెయిర్ ఐపీస్‌లో (అడ్డగీతలున్న కంటి కటకంలో) పెట్టుకుని అది పైకి జారుతోందా కిందకి జారుతోందా చూసుకుంటూ మౌంట్‌ని కొంచెం కొంచెం తిప్పుతా, మొదటిసారి గంట పట్టింది, ఇప్పుడు పావుగంట. ఇంకోటి, ఇంత తక్కువ అక్షాంశంలో కౌంటర్‌వెయిట్ రాడ్ (టెలిస్కోప్ బరువుకి సరిపడా ఎదురు బరువు తగిలించే కడ్డీ) ట్రైపాడ్ కాలికి తగులుతుంది, చీకట్లో చూసుకోండి.

మార్చిలో రాత్రి పదిన్నర ప్రాంతంలో తీయండి, అప్పుడే అది అన్నిటికంటే పైన ఉంటుంది, అయినా 37 డిగ్రీలే. సప్తర్షుల్లో పులస్త్యుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి అంతే దూరం ముందుకెళ్తే దొరుకుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంటికి ఉత్తరాన అన్నీ అపార్ట్‌మెంట్లే, ఎమ్82 కనపడదు. ఇలాంటిదే ఇంకోటి ఉందా?

జవాబు: ఉంది, ఎన్‌జీసీ 4449 అనే గెలాక్సీ, అందులోనూ నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. ఒక ఆకారమంటూ లేకుండా డబ్బాలా ఉంటుంది, ఒళ్ళంతా గులాబీ చుక్కలు. 1788లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. మీకు 63 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, ఏప్రిల్ మధ్యలో రాత్రి 11కి. సప్తర్షులకి దక్షిణంగా ఉండే చారా నక్షత్రానికి ఉత్తరంగా 3 డిగ్రీలు జరిపితే ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది.