లెక్కపెట్టే చూపు: యువ రచయిత్రికి లేఖ

ప్రియమైన యువ రచయిత్రికి,

ఆశీస్సులు. మీరు ఇంగ్లీషులో రాసి పంపిన కథలన్నీ చదివాను. కథనం గురించి మరో ఉత్తరంలో రాస్తాను. ఇందులో ఒక్క విషయానికే పరిమితమవుతాను. మీ రాతప్రతుల్లో ‘ఫర్నిచర్స్’, ‘లగేజెస్’, ‘యాన్ అడ్వైస్’ వంటి ప్రయోగాలు తరచుగా కనబడ్డాయి. వాటిని ఎర్ర సిరాతో దిద్ది పంపడం తేలికే కాని, అందువల్ల ఆ మూడు మాటలే బాగుపడతాయి. రేపు ‘ఎక్విప్‌మెంట్’ దగ్గర చేయి మళ్లీ తడబడుతుంది. అందుచేత కౌంటబుల్ (బహువచనంలోనూ, ‘ఎ’, ‘యాన్’లతోనూ వాడదగిన మాటలు), అన్‌కౌంటబుల్ (అలా వాడకూడనివి) అనే విభజనను మొదటి నుంచి చూద్దాం.

లెక్కపెట్టగలిగినవి కౌంటబుల్, లెక్కపెట్టలేనివి అన్‌కౌంటబుల్ అని బడిలో చెప్పిన నిర్వచనాన్ని ముందు పక్కన పెట్టండి. గదిలో ఉన్న కుర్చీలనూ బల్లలనూ ఎవరైనా లెక్కపెట్టగలరు, అయినా ఫర్నిచర్ అన్‌కౌంటబుల్. మనుషులు డబ్బును లెక్కపెట్టినంత శ్రద్ధగా మరి దేన్నీ లెక్కపెట్టరు, అయినా మనీ అన్‌కౌంటబుల్, రూపీ కౌంటబుల్. గోధుమలను ‘వీట్’ అని ఏకవచనంలోనే చెప్పే ఇంగ్లీషువారు ఓట్ ధాన్యాన్ని మాత్రం ‘ఓట్స్’ అని బహువచనంలోనే చెబుతారు. గింజల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. తెలుగులోనూ ఇంతే కదా. పాలు పొంగాయి అంటాం, నెయ్యి కరిగింది అంటాం, రెండూ గిన్నెలో పోసుకునేవే. మన వ్యాకరణం పాలు, నీళ్లు, వడ్లు, పెసలు వంటి వాటిని నిత్యబహువచనాలనీ, నెయ్యి, బంగారం వంటి వాటిని నిత్యైకవచనాలనీ పేరుపెట్టి ఊరుకుంది. ఈ విభజన వస్తువులో లేదు, ఆ భాష వస్తువును చూసే తీరులో ఉంది. ఫ్రెంచివారు తమ భాషలో సమాచారాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటారు కాబట్టే ఇంగ్లీషు రాసేటప్పుడు వారూ ‘ఇన్ఫర్మేషన్స్’ అని పొరబడుతుంటారు.

ఇంగ్లీషే పుట్టుభాషగా ఉన్నవారికి ఈ తేడాను ఎవరూ గుర్తుచేయనవసరం లేదు. అది అవసరమైంది బయటివారికి. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి అక్కడి విద్యార్థుల కోసం తయారుచేసి, 1942లో టోక్యోలో అచ్చువేయించిన నిఘంటువు నామవాచకాల పక్కన ఈ తేడాను చూపే గుర్తులు చేర్చింది. తరువాత ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన విద్యార్థి నిఘంటువు దాని నుంచి వచ్చినదే. మీ బల్ల మీద అటువంటిది ఒకటి ఉంచుకోండి. అయితే అందులో చాలా మాటలకు ‘సి’ (కౌంటబుల్), ‘యు’ (అన్‌కౌంటబుల్) అనే గుర్తులు రెండూ కనబడతాయి, రచయితకు అసలు పని అక్కడే మొదలవుతుంది.

నూజివీడు దగ్గర మామిడికాయల లారీ బోల్తా పడిన ఘట్టాన్ని మీరు రాస్తున్నారనుకోండి. రోడ్డంతా ‘మ్యాంగోస్’ అని బహువచనంలో రాస్తే కాయలు దొర్లిపోయాయనీ, ఏరుకోవడానికి జనం బుట్టలతో పరుగెత్తుకొస్తున్నారనీ అర్థం. రోడ్డంతా ‘మ్యాంగో’ అని ఆర్టికల్ లేని ఏకవచనంలో రాస్తే అవి చక్రాల కింద నలిగి గుజ్జయ్యాయని అర్థం. ఒక్క అక్షరం తీసేయడంతో కాయ కాస్తా పదార్థమైపోయింది. ఈ సంగతిని వివరించడానికే తత్త్వవేత్త ఫ్రాన్సిస్ జెఫ్రీ పెల్లెటియర్ 1975లో, దేనినైనా నూరిపారేసే ఒక యంత్రాన్ని ఊహించుకోమన్నాడు. ఆ ఊహ మరో తత్త్వవేత్త డేవిడ్ లూయిస్‌దని కూడా చెప్పాడు. అవతలి దిశలోనూ ఇదే జరుగుతుంది. ‘సైలెన్స్’ అని ఊరికే రాస్తే ఎల్లలు లేని నిశ్శబ్దం. ‘ఎ సైలెన్స్’ అని రాస్తే ఎవరి మాటతోనో మొదలై, మరెవరి దగ్గుతోనో ముగిసిన ఫలానా నిశ్శబ్దం. ‘ఎక్స్‌పీరియన్స్’ ఉద్యోగ దరఖాస్తులో రాసుకునేది, ‘యాన్ ఎక్స్‌పీరియన్స్’ కథగా చెప్పుకునేది.

మీ రెండో కథలో నాయనమ్మకు ‘గ్రే హెయిర్స్’ ఉన్నాయని రాశారు. ఆ మాట చదివిన పాఠకుడికి నల్లటి జుట్టులో అక్కడక్కడ నాలుగు తెల్ల వెంట్రుకలు తోస్తాయి. తల నెరిసిందని చెప్పాలంటే ‘గ్రే హెయిర్’ అనాలి. జుట్టు, వెంట్రుక అని మనం రెండు మాటలతో చేసే పనిని ఇంగ్లీషు ఒకే మాటతో, చివర ఎస్ ఉంచి, తీసి చేస్తుంది. మీరు చేర్చిన ఎస్ వల్ల ఆ పెద్దావిడ వయసు ఇరవై ఏళ్లు తగ్గిపోయింది.

ఇక ఫర్నిచర్, లగేజ్, జ్యువెలరీ, మెషినరీ వంటి మాటల సంగతి. మనవారు మిల్క్, వాటర్ దగ్గర పెద్దగా పొరబడరు. పొరపాట్లన్నీ ఈ గుంపు మాటల దగ్గరే. పెళ్లివారు బస్సు దిగి ‘లగేజెస్’ దించారని రాశారు. ఎస్ కొట్టేస్తే వ్యాకరణం కుదురుతుంది కాని, బొమ్మ కనబడదు. ఎస్ చేర్చాలన్న మీ కోరికలో తప్పులేదు. మీ మనసు అక్కడ విడివిడి వస్తువులను చూస్తోంది, చేతికి మాత్రం గుంపు పేరు తగిలింది. రెండు ట్రంకుపెట్టెలు, పురికొసతో కట్టిన పరుపుచుట్ట, మూతికి గుడ్డ చుట్టిన బిందె అని రాయండి. అవన్నీ నిస్సంకోచంగా లెక్కకు వచ్చేవే. ‘ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్’ వంటి రూపాలు వ్యాకరణానికి సమ్మతమే అయినా, సరుకు జాబితాల్లో నప్పినంతగా కథల్లో నప్పవు.

అదే ‘లగేజెస్’ బస్సు కండక్టర్ నోటివెంట వస్తే దాని జోలికి వెళ్లకండి. ఆయన ఇంగ్లీషు ఆయనది. కథకురాలి గొంతుకూ పాత్ర గొంతుకూ మధ్య ఆ తేడా వినబడితే మంచిదే, అది కావాలనే ఉంచారని పాఠకుడికి నమ్మకం కలిగించే బాధ్యత మాత్రం మీది.

ఈ హద్దులు శాశ్వతమైనవని కూడా అనుకోవద్దు. బఠానీలకు ఇంగ్లీషులో పూర్వం ‘పీజ్’ అనే మాట ఉండేది. చివరి ధ్వనిని బహువచన ప్రత్యయంగా భావించి, 17వ శతాబ్దంలో దాన్నుంచి ‘పీ’ అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. కోర్టు ఇంగ్లీషులో నేరారోపణ పత్రమనే అర్థంలో ఇన్ఫర్మేషన్ ఈనాటికీ కౌంటబులే. డేటాను శాస్త్రవేత్తలు చాలామంది బహువచనంగా రాస్తే, పత్రికలు ఎక్కువగా ఏకవచనంగా రాస్తాయి. ఒక రచనలో ఏదో ఒకదానికే కట్టుబడితే చాలు. తక్కువ అనడానికి కౌంటబుల్ మాటల ముందు ‘ఫ్యూయర్’, అన్‌కౌంటబుల్ మాటల ముందు ‘లెస్’ రావాలనే తగాదా గురించి ఎక్కువ చెప్పను. 1770లో ఇంగ్లీషు వాడుక మీద రాసిన పుస్తకంలో రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా చెప్పిన మాటను తరువాతివారు శాసనంగా మార్చారు. అయినా సంపాదకులు పట్టించుకుంటారు కనుక కౌంటబుల్ బహువచనాల ముందు ‘ఫ్యూయర్’ రాసి ఆ గొడవ తప్పించుకోండి.

రెండో కథను తిరగరాసేటప్పుడు పెళ్లివారు బస్సు దిగే పేరా ఒక్కటి ముందుగా పంపండి. నాయనమ్మ జుట్టు సంగతి మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. ఆవిడ నలభై అయిదేళ్లకే నాయనమ్మ అయిన మనిషైతే మీరు రాసిందే సరి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి